బండి ఆగింది, రేడియో పాడుతూనే ఉంది



ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అలాంటివాణ్ణి మైకు ముందు కూర్చోబెడితే తన పనితనం గురించి చెప్పుకుంటాడనుకుంటారు. నేను మాత్రం ఈవేళ నా భంగపాటు ఒకటి చెబుతాను. పాత కారు ఉన్నవాళ్లకు నా పనితనం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

మా ఇంట్లో 1991 నాటి చిన్న కారు ఒకటి ఉండేది. మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజిను, కార్బురేటరు, పాయింట్లు, కండెన్సరు, అంతా పాతకాలపు సరంజామా. దాని పద్దెనిమిదో ఏట దానికో రోగం పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోయేది. రోజూ ఆగితే పట్టుకోవడం తేలిక. ఇది వారానికోసారి, ఒక్కోసారి వరసగా రెండు రోజులు, తర్వాత పది రోజులు ఏమీ ఉండేది కాదు. షెడ్డుకు తీసుకెళ్తే బుద్ధిమంతురాలిలా నడిచేది. పంటినొప్పి డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గినట్టు.

పైగా మరో మూడు ఫిర్యాదులు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే నీరసంగా మూలిగేది. రాత్రిపూట హెడ్‌లైట్లు ఒక్కోసారి మందగించేవి. క్లచ్ పెడల్ బిగుసుకుపోయేది. నేనేం చేశాను? ఫిర్యాదుకొక మందు వేశాను. సెల్ఫ్ మూలుగుతోందని కొత్త బ్యాటరీ. ఇంజిను ఆగుతోందని కొత్త పాయింట్లు, కండెన్సరు, ఆ తర్వాత కాయిలు. కార్బురేటరు విప్పి జెట్లు ఊదాను. క్లచ్ కేబులు రెండుసార్లు మార్చాను. ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండేది, "చూశావా!" అనేవాణ్ణి మా ఆవిడతో. అయిదో రోజు మళ్లీ మామూలే.

ఒక సాయంత్రం రాజమహేంద్రవరం నుంచి కొవ్వూరు వెళ్తున్నాం. గోదావరి మీద కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన మీకు తెలుసు. రోడ్డు పైకెక్కే ఆ వాలులో ముందు లారీ ఆగితే నేనూ ఆగాను. లారీ కదిలింది. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనకాల హారన్ల మోత. చెమటలు తుడుచుకుంటూ బానెట్ ఎత్తబోతుంటే, లోపలి నుంచి మా ఆవిడ అంది:

"ఎప్పుడూ ఇంజినే ఆగుతుందేమండీ? రేడియో ఒక్కసారి కూడా ఆగలేదు. చూడండి, పాట వస్తూనే ఉంది."

ఆ మాట నాకు ఆ క్షణంలో చిరాకు పుట్టించింది. ఇంటికొచ్చాక నిద్ర పట్టనివ్వలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి ఆగినదాని చుట్టూనే తిరుగుతున్నాను. ఆవిడ ఆగనిదాన్ని చూసింది.

ఈవేళ్టి నా ప్రసంగం సారాంశం అదే. వచ్చిపోయే లోపం పట్టుకోవాలంటే, అది వచ్చిన క్షణంలో ఏది చచ్చింది అని ఒకసారి అడిగితే, ఏది బతికుంది అని రెండుసార్లు అడగండి.

దీన్ని ఎలా అడగాలో చెబుతాను. పెట్రోలు ఇంజినుకు ముఖ్యంగా కావలసినవి మూడు. గాలి, పెట్రోలు, సమయానికి నిప్పురవ్వ. దారిలో హఠాత్తుగా ఆగే బండిలో గాలి దోషం తక్కువ. మిగిలినవి పెట్రోలూ, రవ్వా. ఏది తప్పిందో బండి ఆగిన తీరే సగం చెబుతుంది. స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే ముందు కరెంటును అనుమానించండి. దగ్గి, లాగలేక, రెండు మూడు కుదుపులు కుదిపి ప్రాణం విడిస్తే పెట్రోలును అనుమానించండి. ఇంజిను వేగం చూపించే ముల్లు ఉన్న బండైతే ఇంకో ఆనవాలుంది. బండి ఇంకా గేరులో దొర్లుతుండగానే ఆ ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయిందంటే, కరెంటు వైపు ఏదో తెగినట్టే.

రవ్వ అంటే తేలిక పని కాదు. బ్యాటరీ పన్నెండు వోల్టులు కాయిల్లోకి వెళ్లి వేల వోల్టులవుతుంది. మూడు సిలిండర్ల ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకు సిలిండరుకొక రవ్వ చొప్పున నిమిషానికి 4500 రవ్వలు కావాలి. అంటే సెకనుకు 75. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్ల కోసం తయారుచేసిన ఏర్పాటు ఇది. మన అంబాసిడర్లూ, ప్రీమియర్ పద్మినీలూ అదే పద్ధతి మీద దశాబ్దాలు నడిచాయి. పాయింట్లు సెకనుకు 75 సార్లు తెంపి, కలిపే ఆ కరెంటు దారిలో ఎక్కడ సందు వచ్చినా బండి ఆగుతుంది.

ఇక ఆ లోపం ఎప్పుడు వస్తుందో చూడాలి. వచ్చిపోయే లోపాలను ఎక్కువగా రప్పించేవి మూడే. వేడి, తడి, కుదుపు. మా ఇంట్లో గోడకు పాలలెక్క క్యాలెండరు ఉంటుంది. ఏ రోజు ఎన్ని పాలు పోయించుకున్నామో మా ఆవిడ అందులో రాస్తుంది. ఆ రాత్రి నుంచి దాని మీదే బండి లెక్క కూడా మొదలుపెట్టాం. ఆగిన రోజు చిన్న సున్నా, పక్కన ఎక్కడ, ఎలా ఆగిందో ఒక ముక్క. ఎండ, వాన, ఎత్తు, గతుకు, లైట్లు వేశామా లేదా.

మీ క్యాలెండరు వేడి అని చెబితే ఏం చూడాలి? చల్లగా ఉన్నప్పుడు బాగుండి, అరగంట నడిచాక ఆగి, ఇరవై నిమిషాలు నీడలో పెడితే మళ్లీ లేచే బండి ఉంటుంది చూశారా, దాని కాయిలునో కండెన్సరునో అనుమానించాలి. కాయిలు లోపల తీగ వెంట్రుక వాసి సన్నం. ఎక్కడో చిట్లితే చల్లగా ఉన్నప్పుడు కొసలు తగులుతూ ఉంటాయి, వేడికి సాగి విడిపోతాయి. అందుకే చల్లారాక పరీక్షిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే రవ్వ ఉందో లేదో చూడాలి. 2000 ప్రాంతం నుంచి చిన్న కార్లలోకి ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటరు పెట్రోలును చిమ్మించే పద్ధతి, వచ్చింది. వాటిలో ఇదే రోగం క్రాంక్ సెన్సర్‌కు వస్తుంది. అది వేడికి మూగబోతే కంప్యూటరుకు ఇంజిను తిరుగుతోందనే తెలియదు. రవ్వా ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. ఆ బండ్లలో తాళం తిప్పగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నగా జుయ్యిమని వినిపిస్తుంది. అది పెట్రోలు పంపు. బండి బాగున్న రోజునే ఆ చప్పుడు చెవికి అలవాటు చేసుకోండి. ఆగిన రోజు అది వినపడకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు చూడాలని వెంటనే తెలుస్తుంది.

వేడికి పెట్రోలు వైపు కూడా ఒక రోగముంది. పాత ట్యాక్సీ డ్రైవర్లు మే నెల ఎండలో పద్మిని ఆగిపోతే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవారు. చూసినవాళ్లు నవ్వేవారు గానీ అందులో శాస్త్రముంది. ఇంజినును అంటిపెట్టుకున్న పంపు వేడెక్కితే పైపులోనే పెట్రోలు ఆవిరవుతుంది. ద్రవాన్ని లాగే పంపు ఆవిరిని లాగలేదు. చల్లబడితే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. ఇంకొకటి, ట్యాంకు మూత. అందులో గాలి పోవడానికి ఉండే సన్నని రంధ్రం మూసుకుపోతే, పెట్రోలు తగ్గిన కొద్దీ ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గి, చివరికి పెట్రోలు రానంటుంది. బండి ఆగగానే మూత తిప్పి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి లేస్తే, దొంగ దొరికినట్టే.

తడి అని చెబితే డిస్ట్రిబ్యూటర్ క్యాపు, ప్లగ్గు తీగలు. వేల వోల్టులకు కంటికి కనపడని పగులు చాలు. చెమ్మ చేరితే కరెంటు ప్లగ్గుకు వెళ్లకుండా ఆ పగులు వెంట జారిపోతుంది. దీనికి చక్కటి పరీక్ష చీకటి. రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఇంజిను నడుస్తుండగా బానెట్ ఎత్తి దూరంగా నిలబడి చూడండి. లోపమున్న చోట నీలిరంగు మెరుపులు సన్నగా పాకుతూ కనిపిస్తాయి. చెయ్యి మాత్రం పెట్టకండి. ఆ దెబ్బ తగిలితే కొట్టిన చెయ్యి కనపడదు.

కుదుపు అని చెబితే లూజు కాంటాక్టు. ఇంజిను నడుస్తుండగా ఒక్కొక్క తీగనూ, కనెక్టరునూ చేత్తో సుతారంగా కదిపి చూడండి. ప్లగ్గు తీగల జోలికి మాత్రం పోవద్దు. ఏది కదిపినప్పుడు ఇంజిను తొట్రుపడుతుందో అక్కడే ఉంది. తాళం గుత్తిని మరిచిపోకండి. కారు తాళానికి ఇంటి తాళాలు, బీరువా తాళాలు, వెంకన్న బొమ్మ ఉంగరం అన్నీ తగిలించి ఊపుతుంటే, ఇగ్నిషన్ స్విచ్ లోపలి బిళ్లలు ఏళ్ల తరబడి అరిగిపోతాయి. సముద్రం దగ్గర, విశాఖలోనో, కాకినాడలోనో, మచిలీపట్నంలోనో ఉండేవాళ్లు ఫ్యూజుల పెట్టె కూడా విప్పి చూసుకోవాలి. ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. తీగ పైన తొడుగు కొత్తదానిలా మెరుస్తుంటుంది, లోపల రాగి పొడైపోయి ఉంటుంది. వానాకాలం ఎలుకలు చేసే పని సరేసరి.

మళ్లీ మా బండి దగ్గరకు వస్తాను. ఆరు వారాలకు క్యాలెండరు మీద ఏడు సున్నాలు పడ్డాయి. ఎండకూ వానకూ పొంతన లేదు. కానీ ఏడింటిలో ఆరు చోట్ల మా ఆవిడ రాసిన మాట ఒకటే: "ఎక్కుడు, ఫస్ట్ గేరు." ఏడోది స్పీడ్ బ్రేకరు దాటి లాగినప్పుడు. ఇంజిను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. ఎత్తులో ఫస్ట్ గేరుతో లాగినప్పుడు అది ఒక పక్కకు గట్టిగా వాలుతుంది. అప్పుడు ఇంజినుకూ బాడీకీ మధ్య ఉన్నదేదో సాగుతోంది, విడిపోతోంది.

ఇంకా ఆగనివాటిని లెక్కపెట్టాను. రేడియో పాడుతోంది. హారను మోగుతోంది. ఇవి బాడీ మీద ఉన్నవి. ఇంజిను ఆగి తాళం ఆన్‌లో ఉంటే డాష్‌బోర్డు మీద బ్యాటరీ దీపం, ఆయిలు దీపం రెండూ ఎర్రగా వెలగాలి. మా బండిలో మిణుగురుల్లా కొట్టుకున్నాయి. ఆ రెండు దీపాల కరెంటూ ఇంజిను గుండానే తిరిగివస్తుంది. అంటే బాడీ మీదున్నవన్నీ బతికున్నాయి, ఇంజిను మీదున్నవన్నీ కలిసి మూర్ఛపోతున్నాయి.

ఇక్కడ కరెంటు గురించి ఒక చిన్న సంగతి. కరెంటు వెళ్లే దారిని అందరం చూస్తాం. ఎర్ర తీగ, ఫ్యూజు, స్విచ్. తిరిగివచ్చే దారిని ఎవరూ చూడరు. డిపో నుంచి పొద్దున పోయిన పల్లెవెలుగు బస్సు సాయంత్రం తిరిగి డిపోకు రాకపోతే రేపటి ట్రిప్పు ఉండదు కదా! కారులో తిరుగు ప్రయాణానికి వేరే తీగలు లాగరు. ఇనుప బాడీయే ఆ దారి. మా బండిలో బ్యాటరీ నెగెటివు బాడీకి తగిలించి ఉంది. ఇంజిను రబ్బరు దిమ్మల మీద ఉంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకని ఇంజినునుంచి బాడీకి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. మేస్త్రీలు దాన్ని ఎర్తింగ్ తీగ అంటారు. సెల్ఫ్ మోటారు, డిస్ట్రిబ్యూటరు, ఆల్టర్నేటరు, అన్నింటికీ ఇల్లు చేరే దారి అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే మల్టీమీటరు తీశాను. వోల్టుల మీద పెట్టాను. ఒక పుల్ల బ్యాటరీ నెగెటివు గుబ్బ మీద, రెండోది ఇంజిను దిమ్మ మీద గీకిన ఇనుము మీద. "సెల్ఫ్ కొట్టు" అన్నాను మా ఆవిడతో. దారి బాగుంటే 0.2, మహా అయితే 0.3 వోల్టులు చూపాలి. 3.1 చూపించింది. అదే సమయంలో బ్యాటరీ రెండు గుబ్బల మధ్య చూస్తే 11 పైనే ఉంది. బ్యాటరీ నీరసించి ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడు 10 కిందకు పడిపోవాలి. నేను డబ్బు పోసి మార్చిన బ్యాటరీకి ఏ పాపమూ తెలియదు.

ఇక్కడ ఒక లెక్క. సెల్ఫ్ మోటారు సుమారు 100 ఆంపియర్లు లాగుతుందనుకోండి. దారిలో ఒక ఓములో యాభయ్యో వంతు అడ్డు ఉంటే చాలు, 2 వోల్టులు అక్కడే ఆవిరి. అంత చిన్న అడ్డును మామూలు మీటరు ఓముల మీద పెడితే చూపించలేదు. "తీగ బాగుందండీ, బీప్ వస్తోంది" అంటుంది. పది పోగుల్లో తొమ్మిది తెగినా బీప్ వస్తుంది. అందుకే కరెంటు పారుతున్నప్పుడు, బరువు మీద ఉన్నప్పుడు, వోల్టులు ఎక్కడ పోతున్నాయో కొలవాలి. లైట్లకూ ఇదే సూత్రం, ఆల్టర్నేటరు కరెంటు తిరుగుదారిలో అడ్డు పడితే వాటికి అందే వోల్టులూ తగ్గుతాయి. బల్బుకు అందే వోల్టులు పదో వంతు తగ్గితే వెలుగు ఇంచుమించు మూడో వంతు పడిపోతుంది.

మీటరు లేనివాళ్లకు ఒక చిట్కా. బ్యాటరీ అరువు తెచ్చుకోవడానికి వాడే జంపర్ కేబులు ఒకటి తీసుకుని, బ్యాటరీ నెగెటివు నుంచి ఇంజిను దిమ్మకు తగిలించండి. సెల్ఫ్ హుషారుగా తిరిగిందా, ఎర్తింగ్ పోయినట్టే. మా బండికి అలా తగిలించగానే ఒక్క చిటికెలో లేచింది.

కింద దూరి ఆ పట్టీ చూశాను. పైకి నిక్షేపంలా ఉంది. బోల్టు విప్పితే కథ బయటపడింది. చివరి కన్ను కింద, బాడీ మీద, మినప వడ చిల్లంత మేర తుప్పు. పట్టీ మడత పడే చోట నూనె జిడ్డు కింద పోగులు చాలావరకు తెగి, మిగిలినవి పట్టుకుని వేలాడుతున్నాయి. ఇంజిను వాలినప్పుడల్లా అవి సాగి విడిపోతున్నాయి, సర్దుకోగానే మళ్లీ తగులుతున్నాయి.

మరి క్లచ్ కేబులు మాటేమిటి? కరెంటు మహా మొండిది, దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజినుకూ బాడీకీ మధ్య ఇనుప సంబంధం ఇంకేముంది? క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా మోటారు కరెంటు ఆ సన్నటి కేబులు గుండా పోయి, దాన్ని వేడెక్కించి, లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని కరిగిస్తోంది. అందుకే పెడల్ బిగుసుకుంది. నేను మాత్రం క్లచ్ రోగాన్ని క్లచ్ దగ్గరే వెతికాను. కరెంటు పనివాడు క్లచ్ చూడడు, క్లచ్ పనివాడు కరెంటు చూడడు. నాలుగు ఫిర్యాదులకూ రోగం ఒక్కటే.

కొత్త పట్టీ వేశాను. బాడీ మీద రంగూ తుప్పూ పోయి ఇనుము వెండిలా మెరిసేదాకా ఉప్పుకాగితంతో గీకాను. బోల్టు బిగించి, పైన వ్యాజలీన్ పూశాను. ముందు పూస్తే లోహానికీ లోహానికీ మధ్య అదే అడ్డవుతుంది, బిగించాకే పూయాలి.

ముగించే ముందు కొన్ని జాగ్రత్తలు. దారిలో ఇంజిను ఆగితే కంగారుపడి తాళం పూర్తిగా వెనక్కి తిప్పకండి, స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేకు కూడా ఒకటి రెండు తొక్కుళ్ల తర్వాత రాయిలా గట్టిపడుతుంది. అందుకని ఊపు ఉండగానే నిలకడగా తొక్కి పక్కకు తీసుకోండి. బ్యాటరీ పని ముట్టుకుంటే మొదట నెగెటివు తీగ విప్పండి, చివర్న అదే బిగించండి. కాలిన ఫ్యూజు స్థానంలో సిగరెట్టు పెట్టె వెండికాగితం పెట్టే అలవాటు మానండి. ఫ్యూజు కాలడం దాని పని. అది కాలకపోతే వైరింగు కాలుతుంది. మరొకటి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి "ఛార్జింగు ఉందా" అని చూసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఆనాటి డైనమో బండ్లలో అది చెల్లిపోయింది. ఆల్టర్నేటరు ఉన్న బండిలో అలా చేస్తే వోల్టులు ఒక్కసారిగా ఎగిరి రెగ్యులేటరో, డయోడ్లో, కంప్యూటరో పోతుంది. ఛార్జింగు చూడాలంటే మీటరు చాలు. ఇంజిను ఆపి కాసేపయ్యాక బ్యాటరీ మీద 12.6, ఇంజిను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే భేషుగ్గా ఉన్నట్టు.

బండి ఆగితే మేస్త్రీకి ఫోను చేయండి, తప్పులేదు. కానీ "ఆగిపోయిందండీ" అని మాత్రమే చెప్పకండి. ఎలా ఆగింది, ఎక్కడ ఆగింది, ఆగినప్పుడు ఏవేవి ఇంకా పనిచేస్తున్నాయి, ఆ మూడూ చెప్పండి. ఆ మూడూ తెలియని మేస్త్రీ మీ డబ్బుతో వెతుకుతాడు. ఆయన్ని అని ఏం లాభం, ఆయన కంటే ఎక్కువ చదివిన నేనూ అదే చేశాను.

అన్నట్టు, ఆ నెలాఖరున పాలలెక్క తేల్చేటప్పుడు మా ఆవిడ క్యాలెండరు కింద మరో లెక్క కూడా కట్టింది. బ్యాటరీ, కాయిలు, పాయింట్లు, కండెన్సరు, రెండు క్లచ్ కేబుళ్లు ఒక వరసలో. రెండో వరసలో రాగి పట్టీ ఒక్కటే. దాని ఖరీదు మా ఇంటి వారం పాల డబ్బుకన్నా తక్కువ. మొదటి వరస కూడిక మాత్రం నన్నే చేయమంది.